కూర్చునే మనిషి కావలెను

తుమ్మగుంటపాలెం గుడిలో మొన్నమొన్నటిదాకా పనిచేసేవాళ్లు ముగ్గురే. ప్రసంగం చెప్పడానికి నతానియేలు అయ్యగారు, ఆయన గొంతు పోయిన రోజున ఆ పని అందుకోవడానికి ఉపదేశి జక్కరయ్య, వీళ్లిద్దర్నీ నిద్ర లేపడానికి గంట కొట్టే యోబు. మిగతా ఊరంతా చాపల మీద కూర్చునేది. మగాళ్లు ఎడమ పక్క, ఆడాళ్లు కుడి పక్క, పిల్లలు ఎటు బుద్ధి పుడితే అటు. కీర్తన ఎత్తుకుంటే అందరూ పాడేవాళ్లు. ప్రార్థన అయితే అందరూ ఆమేన్ అనేవాళ్లు. ఉక్కపోస్తే దగ్గర్లో ఉన్నవాడెవడో లేచి ఫ్యాను వేసేవాడు. ఇలా ఎవరికీ ఏ బాధ్యతా అప్పగించకుండా, పరమ అస్తవ్యస్తంగా, తాతల నాటి నుంచీ ఆరాధన జరిగిపోతూ వచ్చింది. ఈ దారుణం మా గుళ్లన్నిటి మీదా పెత్తనం చేసే డయాసిస్ ఆఫీసు వాళ్ల కంట పడలేదు కాబట్టి బతికిపోయాం.

అంతలో బిషప్ గారు ఏదో పెద్ద ఊళ్లో సెమినారుకి వెళ్లొచ్చారు. అక్కడ ఆయనకో మాట అంటుకుంది. ప్రతి విశ్వాసీ ఒక పరిచారకుడే, అని. మాట మంచిదే. బిషప్ గారి నోట్లో ఉన్నంతసేపూ అది మంచిగానే ఉంది. ఆఫీసులోకి వెళ్లి సర్క్యులరుగా బయటికి వచ్చేసరికి ఇలా అయింది:

‘సంఘములలో పదవీరహిత విశ్వాసులు ఇకమీదట ఉండరాదు. పదవీరహితులు అధికముగా కనబడిన సంఘముల గురువులను, వారి ఆత్మీయ వికాసము దృష్ట్యా, కొండ ప్రాంతమునకు బదిలీ చేయు విషయము పరిశీలించబడును.’

నతానియేలు అయ్యగారు మెత్తటి మనిషి. ప్రసంగంలో నరకం గురించి చెప్పాల్సి వస్తే కూడా కొంచెం వేడిగా ఉంటుందని చెప్పి ఊరుకునేవారు. ఆయన సర్క్యులరు చదివి అమ్మగారి వైపు చూశారు. అమ్మగారు పెరట్లో కట్టేసిన గేదె వైపు చూశారు. గేదె చూడితో ఉంది. దాన్ని కొండెక్కించడం అయ్యే పని కాదు. ఆ సాయంత్రమే కమిటీని పిలిచారు.

‘‘ఫ్యాను వేసేవాడికి ఏం పేరు పెడదామండీ?’’ అన్నాడు ఉపదేశి జక్కరయ్య.

‘‘వాయు ప్రసరణ పరిచర్య,’’ అన్నారు అయ్యగారు.

‘‘మరి ఆపేవాడికి?’’

‘‘వేసినవాడే ఆపుతాడు గదయ్యా.’’

‘‘అట్టయితే ఒక మనిషి మిగిలిపోతాడండీ.’’

అయ్యగారికి గేదె గుర్తొచ్చింది. ‘‘వాయు స్తంభన పరిచర్య, రాసుకో,’’ అన్నారు.

అక్కణ్ణుంచి ఇక పదవులకి కొదవ లేకుండా పోయింది. చాపలు పరిచేవాళ్లు వేరు, చుట్టేవాళ్లు వేరు. ఉత్తరం కిటికీలు ఒకరివి, దక్షిణం కిటికీలు ఇంకొకరివి. ఏడ్చే పిల్లల్ని బయటికి తీసుకెళ్లేందుకు ఒకావిడ, ఏడుపు ఆగాక లోపలికి తెచ్చేందుకు ఒకావిడ. నాకు పాదరక్షల పరిరక్షణ పరిచర్య దక్కింది. అందరికీ మెడలో ఎర్ర తాడుకి వేలాడే కార్డులు ఇచ్చారు. పెళ్లి కావాల్సిన కుర్రాళ్లు ఆ కార్డులు వేసుకుని పొలం గట్ల మీద కూడా తిరిగారు.

ఆమేన్ అనే పని వడ్ల మిల్లు ఇశ్రాయేలుకి అప్పజెప్పారు. మిల్లు మోతలో అరిచీ అరిచీ ఊళ్లో అంత గొంతు ఇంకొకడికి లేదు. హల్లెలూయ టైలర్ సంసోనుది. కార్డు లేనివాళ్లు ఆ మాటలు అనరాదని కట్టడి అయింది. మొదటి ఆదివారమే అయ్యగారు ప్రార్థన ముగించగానే వీళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు. ఎవరిది ముందు అని గుమ్మం బయట చొక్కాలు పట్టుకున్నారు. శాంతి స్థాపన పరిచర్య వాళ్లు ఇద్దరు వచ్చి, విడదియ్యడం తమలో ఎవరి పని అని వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారు.

ఊరంతటికీ పదవులు పంచగా ఒక్క మనిషి మిగిలింది. దీవెనమ్మ మామ్మ. రెండో స్తంభం పక్కన, ఫ్యాను గాలి తగిలీ తగలని చోట, ముప్పై ఏళ్లుగా ఆవిడది ఒకటే చాప. జక్కరయ్య కార్డు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు.

‘‘మామ్మా, నీకు మంచి పదవి ఉంచాం. ప్రసంగంలో నిద్రపోయేవాళ్లని తట్టి లేపాలి.’’

‘‘మరి నన్ను లేపేదెవర్రా?’’

‘‘పోనీ, పూలు మార్చే పని చేస్తావా?’’

‘‘ఒరే జక్కరిగా, వారమంతా నాట్లేస్తా నడుం వొంచే ఉంటాను. ఇంటికొస్తే పొయ్యి కాడ. ఆదోరం గుళ్లోనన్నా కాసేపు కూసుందామని వస్తాను. అక్కడ కూడా పని చెప్తన్నావే, నీకేం పోయేకాలం రా!’’

జక్కరయ్య ఆ కార్డు జేబులో పెట్టుకుని తిరిగొచ్చాడు.

పైవారం గుడి చూడముచ్చటగా ఉంది. కిటికీ కిటికీకీ మనిషి, స్తంభం స్తంభానికీ మనిషి, అందరూ నిటారుగా, కార్డులు గుండెల మీద సర్దుకుని నిలబడ్డారు. సిబ్బంది కూర్చోవడం క్రమశిక్షణ కాదని సర్క్యులరులో రాశారు మరి. ఖాళీ చాపల మధ్యన దీవెనమ్మ మామ్మ ఒక్కతే కూర్చుంది. ఆమె కుడి పక్కన ఎప్పుడూ కూర్చునే సంతోషమ్మ ఇప్పుడు దక్షిణం కిటికీ రెక్క పట్టుకుని నిలబడి ఉంది. నా పరిధి సంఘస్థుల చెప్పులకే గాని సిబ్బంది చెప్పులకి కాదు. మామ్మ చెప్పులు వేసుకోదు. అయినా పదవి పదవే కాబట్టి నేను గుమ్మంలో నిలబడ్డాను.

అయ్యగారు ఆ వారం యువతకి ప్రసంగం సిద్ధం చేసుకున్నారు. ఎదురుగా కూర్చుని వినే మనిషి మామ్మ ఒక్కతే కాబట్టి ఆవిడ వైపే చూసి, ‘‘యవ్వనస్థులారా! సెల్‌ఫోన్లు పక్కన పెట్టండి. రాత్రిళ్లు మోటారు సైకిళ్ల మీద తిరగొద్దు,’’ అని గట్టిగా హెచ్చరించారు.

‘‘తిరగను అయ్యగారూ,’’ అంది మామ్మ.

ఆ మరుసటి వారం తాగుడు మీద చెప్పారు. మారుమనసు పొందేవాళ్లు చెయ్యి ఎత్తమని అడిగారు. ఊరు ఊరంతా ఆవిడ చెయ్యి వైపే చూసింది. మామ్మకి ఒళ్లు మండింది.

‘‘ఇంతమంది వెధవలు చేసే పాపాలన్నీ నా ఒక్కదాని నెత్తినే రుద్దుతున్నారేందయ్యా? అసలే నాకు మోకాళ్ల నొప్పులు. వచ్చే వారం నేను రాను,’’ అని చెంగు దులుపుకుని వెళ్లిపోయింది.

అంతటితో ఆగితే ఇది మామ్మ కోపం కథ. గంట కొట్టే యోబు మధ్యలో ఇరుక్కున్నాడు గనక ఇక్కడిదాకా వచ్చింది.

యోబు కూతురు కృపావతికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఏలియా పక్కూరి వాడు, మిలిటరీలో జవాను. సరిహద్దు నుంచి సెలవు మీద వచ్చాడు. గురువారం పెళ్లి, శనివారం రైలు. ఇది దాటితే మళ్లీ సెలవు ఎప్పుడో వాడి పై అధికారికే తెలీదు. మా గుళ్లో పెళ్లి జరగాలంటే ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, అని సంఘం ఎదుట అడగాలి. రెండుసార్లు చదవడం అయింది. రెండుసార్లూ ఎదురుగా మామ్మ ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. మూడోది మిగిలింది.

ఆ మూడో ఆదివారమే మా గుడి తనిఖీకి, బిషప్ గారి కింద కానన్ హోదాలో ఉన్న సుజనరావు గారు వచ్చారు. డయాసిస్‌లో పరిచర్యల విస్తరణ విభాగానికి ఆయన డైరెక్టరు. జీపు దిగుతూనే గుమ్మంలో నాతో మొదలుపెట్టి గంట తాడు దాకా అందరి కార్డులూ చూశారు. లోపల చాపలన్నీ ఖాళీగా మెరుస్తున్నాయి.

‘‘అద్భుతము! సంపూర్ణ పరిచారక సంఘము!’’ అన్నారు చేతులు జోడించి. ‘‘పదవీరహితుల సంఖ్య శూన్యము. డయాసిస్ స్థాయిలో ఇది ప్రప్రథమము. బిషప్ గారి దార్శనికత ఇచ్చట మూర్తీభవించినది.’’

అయ్యగారి మొహం వెలిగింది. గేదె ఇక కొండెక్కనక్కర్లేదు. ఆ సంతోషంలోనే ప్రకటనకి లేచారు. ‘‘సంఘస్థులారా,’’ అని తల ఎత్తి, అలాగే నిలబడిపోయారు. పిలిస్తే పలికేవాళ్లు ఎదురుగా ఎవ్వరూ లేరు.

‘‘ఆగవలెను,’’ అన్నారు కానన్ గారు కుర్చీలోంచి. ‘‘ప్రకటన సంఘము వినుచుండగా చదవవలెనని నిబంధన. సంఘము ఏది?’’

‘‘మేం ఇంతమందిమి ఉన్నాం గదండీ,’’ అన్నాడు జక్కరయ్య.

‘‘మీరు సిబ్బంది. సిబ్బంది సంఘము కాజాలరు. సంఘము ఉపస్థితి లేనందున ప్రకటన చెల్లదు. ప్రకటన చెల్లనందున వివాహము చెల్లదు.’’

‘‘మరి గురువారం పెళ్లండీ!’’ అన్నాడు యోబు. ఆ కంగారులో వాడు గంట తాడు లాగేసరికి పైన గంట ఒకసారి మోగింది.

‘‘సంఘము లభ్యమైన పిమ్మట నిర్వహించుకొనవచ్చును,’’ అన్నారు కానన్ గారు దయగా.

ఆరాధన సగంలో ఆపి ఊరంతా మామ్మ ఇంటికి నడిచాం. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తలుపు తట్టే పరిచర్య ఉన్నవాడు ముందుకెళ్లి, తీసి ఉన్న తలుపునే తట్టాడు. పలకరింపు పరిచారకురాలు రూతమ్మ, ‘‘బాగుండావా మామ్మా?’’ అని అడిగి, తన పని అయిపోయినట్టు పక్కకి తప్పుకుంది. ఓదార్పు పరిచర్య దానియేలు వచ్చి, ‘‘ఏడవమాక మామ్మా,’’ అన్నాడు.

‘‘నేనేడవటంలా.’’

‘‘నా పని నేను చెప్పా,’’ అని వాడూ తప్పుకున్నాడు.

కృపావతికి ఓపిక నశించింది. అందర్నీ తోసుకుంటూ వచ్చి అరుగు కింద కూలబడింది.

‘‘మామ్మా, నువ్వు రాకపోతే నా పెళ్లి ఆగిపోద్దంట.’’

‘‘నేనేమన్నా పెళ్లికొడుకునంటే, నేను లేకపోతే ఆగిపోవటానికి?’’

‘‘ఊళ్లో కూసునేదానివి నువ్వొక్కదానివేనంట. నువ్వు వింటేనే విన్నట్టంట. ఆయన శెనోరం వెళ్లిపోతాడు మామ్మా. మళ్లీ ఎప్పుడొస్తాడో, ఏమో.’’

మామ్మ చేతిలో చింతపండు కింద పెట్టింది.

‘‘నాకు వాక్యం మీద కోపం కాదే పిల్లా. అక్షరమ్ముక్క రాని దాన్ని. కీర్తనలో మొదటి మాట సంతోషమ్మ అందిస్తే నేను అందుకునేదాన్ని. ఇప్పుడది కిటికీ పట్టుకు నుంచుంది. పక్కన గొంతు లేందే పాటెట్టా వస్తది? అంత పెద్ద గుళ్లో ఒక్కదాన్నీ కూసుంటే, పోలీస్ టేషన్లో కూసోబెట్టినట్టుంది.’’

సంతోషమ్మ గుంపులో వెనక నిలబడి ముక్కు చీదింది. అది ఏ పరిచర్య కిందికీ రాదు గనక ఎవరూ అడ్డం చెప్పలేదు.

‘‘సరే పద,’’ అంది మామ్మ కృపావతి భుజం పట్టుకుని లేస్తూ. ‘‘నీ మొహం చూసి వస్తన్నా. ఈ మెడలో బిళ్లల వాళ్లని చూసి కాదు.’’

మామ్మ వచ్చి తన చాప మీద కూర్చుంది. అయ్యగారు మళ్లీ లేచారు. కానన్ గారు మళ్లీ చెయ్యెత్తారు.

‘‘ఒక్క వ్యక్తిని సంఘము అనుటకు వ్యాకరణము సమ్మతించదు. కనీసము ఇరువురు ఉండవలెను.’’

కృపావతి మెడలో కార్డు తీసి గిరాటేసింది. ‘‘నేను కూసుంటానండీ.’’

‘‘వధువు తన ప్రకటన తానే వినుట పక్షపాతము. పైగా రాజీనామాను డయాసిస్ కమిటీ ఆమోదించవలెను. కమిటీ వానాకాలము తరువాత సమావేశమగును.’’

‘‘అయ్యా, మాకూ చెవులున్నయ్యండీ,’’ అన్నాడు యోబు ఏడుపు గొంతుతో. ‘‘నుంచున్నా ఇనపడుద్దండీ.’’

కానన్ గారు ఓ నవ్వు నవ్వారు. ‘‘దృష్టాంతము చెప్పెదను. పెండ్లి విందులో వడ్డించువారుందురు, పంక్తిలో కూర్చుండువారుందురు. వడ్డించువారిని పంక్తిలో లెక్కింతుమా? సిబ్బంది వడ్డించుటకే గాని పంక్తిలో కూర్చుండుటకు కాదు. ఇది డయాసిస్ విధానము. దీనికి సడలింపు లేదు.’’

 వాయు స్తంభన పరిచారకుడు ఎందుకో ఫ్యాను ఆపేశాడు. అప్పుడు మామ్మ నోరు విప్పింది.

‘‘బాబూ, నీకు మా గుళ్లో ఏం పదవి?’’

‘‘నేను డయాసిస్ స్థాయిలో డైరెక్టరును.’’

‘‘అది సరే. మా గుళ్లో?’’

కానన్ గారు తన గుండె మీద తడుముకున్నారు. ఎర్ర తాడు లేదు. ‘‘ఈ స్థానిక సంఘములో నాకు ప్రత్యేకముగా పదవి ఏదియు లేదు.’’

‘‘పదవి లేనోడివి. మరి కుర్చీలో ఎందుకున్నావు? రా, కూసో.’’

ఆయన నిబంధనల మనిషి. తన నిబంధనని తనే దాటడం ఆయన వల్ల కాదు. అంగీ పైకి మడుచుకుని మగాళ్ల పక్క చాపల మీద, ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్కడే, మఠం వేసుకుని కూర్చున్నారు. ఆ మోకాళ్లు మడిచి ఎన్నేళ్లయిందో గాని, అవి చేసిన చప్పుడు నాకు గుమ్మం దాకా వినపడింది. సంఘం పూర్తయింది.

అయ్యగారు ఒక్క గుక్కలో చదివేశారు. ‘‘...ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను.’’

‘‘ఉంది,’’ అంది మామ్మ.

యోబు తాడు వదిలేశాడు.

‘‘పిల్ల బంగారం. పిల్లోడూ మంచోడే. వాళ్ల మీద కాదు,’’ అంది మామ్మ. ‘‘ఒరే యోబూ, గురువారం భోజనాల్లోకి ఏం కోస్తన్నావు?’’

‘‘పొట్టేళ్లు మామ్మా. రెండు,’’ అన్నాడు యోబు, అర్థంకాక.

‘‘పలావేనా?’’

‘‘పలావు, వేటమాంసం, గోంగూర పచ్చడి.’’

‘‘చూశారా అయ్యగారూ! సిబ్బంది వడ్డించాలే గాని పంక్తిలో కూసోగూడదంట. ఈ బాబు ఇప్పుడే చెప్పాడు, సడలింపు లేదంట. ఊరంతా సిబ్బందే. ఇక కూసునేది నేనూ, ఈ బాబూ. నాకా, పళ్లు లేవు. ఈయన చూస్తే జొన్నకర్ర మాదిరి ఉన్నాడు. రెండు పొట్టేళ్లు మా ఇద్దరి వల్లా యాడవుద్ది? అన్నం పారబోసే పెళ్లి నేనొప్పుకోను. అదీ నా అభ్యంతరం.’’

ఆ మాట గుళ్లో ఒక్కొక్క కార్డునీ తాకుతూ నెమ్మదిగా వెనక్కి వెళ్లింది. గురువారం అరటాకులు, ఆకుల్లో పలావు, ఆకుల వెనక మామ్మా కానన్ గారూ, ఎదురుగా గరిటెలు పట్టుకుని నిలబడ్డ మేము. ఆ బొమ్మ అందరికీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చింది.

మొదట కదిలింది సంతోషమ్మ. కిటికీ రెక్క వదిలేసి, చరచరా నడిచొచ్చి, మామ్మ పక్కన కూర్చుంది. ‘‘జరుగవే,’’ అంది.

‘‘ఇంత చోటుండగా నా మీద పడతావేందే?’’ అంది మామ్మ, జరుగుతూ.

ఆ తరవాత వాయు ప్రసరణ కూర్చున్నాడు, పోతూ పోతూ ఫ్యాను వేసి. శాంతి స్థాపన ఇద్దరూ కలిసి కూర్చున్నారు. ఇశ్రాయేలూ సంసోనూ నువ్వు ముందంటే నువ్వు ముందని ఒకళ్లనొకళ్లు చూసుకుని ఒక్కసారే కూలబడ్డారు. నేను గుమ్మం వదిలి కానన్ గారి పక్కన చోటు చేసుకున్నాను. చివరికి నిలబడి ఉన్నది అయ్యగారు, ఉపదేశి, గంట కొట్టేవాడు. ఎప్పటి ముగ్గురే.

‘‘అభ్యంతరం?’’ అన్నారు అయ్యగారు సన్నగా.

‘‘ఇప్పుడు లేదు,’’ అంది మామ్మ.

ఆమేన్ అని గుడంతా ఒకేసారి అంది. ఇశ్రాయేలు గొంతు అందులో ఎక్కడో కలిసిపోయింది. వాడు అభ్యంతరం చెప్పలేదు.

కానన్ గారు లేవబోయారు గాని కాళ్లు తిమ్మిరెక్కాయి. నేనో పక్కా సంసోనో పక్కా పట్టుకుని లేపాం. ‘‘ఇది విధాన ఉల్లంఘన,’’ అన్నారు ఆయన ఊగుతూ. అంతలో కృపావతి వచ్చి, గురువారం భోజనానికి తప్పకుండా రావాలని దణ్ణం పెట్టి చెప్పింది. ఆయన అంగీ సర్దుకున్నారు. ‘‘దీనిని మరియొక కోణములోనూ పరిశీలించవచ్చును,’’ అన్నారు.

గురువారం పెళ్లి జరిగింది. పంక్తి మూడు సార్లు లేచింది. కానన్ గారు మామ్మ పక్కనే కూర్చున్నారు. ‘‘ఈ బాబుకి మూలుగ బొక్క వెయ్యండర్రా, మోకాళ్లకి మంచిది,’’ అని ఆవిడే దగ్గరుండి వేయించింది. శనివారం ఏలియా రైలెక్కాడు, పక్కన కృపావతిని ఎక్కించుకుని. అయ్యగారి గేదె ఈనింది. పెయ్యదూడ.

నెల తిరక్కుండా డయాసిస్ నుంచి కొత్త సర్క్యులరు వచ్చింది. ‘తుమ్మగుంటపాలెం సంఘములో ఆసీన పరిచర్య అను వినూత్న ప్రక్రియ అపూర్వ ఫలితములనిచ్చినందున, ఇకమీదట ప్రతి సంఘములోను నూటికి తొంబదిమందిని ఈ పరిచర్యయందు నియమించవలెను. పరిచారకులు ఆరాధన ఆరంభము మొదలు అంతము వరకు కూర్చుండవలెను.’

ఇప్పుడు చుట్టుపక్కల సంఘాల వాళ్లు మా ఊరికి శిక్షణకి వస్తున్నారు, మేం ఎలా కూర్చుంటున్నామో చూసి నేర్చుకోవడానికి. మొన్న వచ్చినవాళ్లలో ఒక కుర్రాడు మామ్మ దగ్గరికి వెళ్లి, ఈ పరిచర్యలో మెళకువలేమిటో చెప్పమని వినయంగా అడిగాడు.

‘‘ఏముంది నాయనా,’’ అంది మామ్మ. ‘‘మోకాళ్లు మడవాలి. పక్కనోళ్లకి కాస్త చోటివ్వాలి.’’

మొదటిది రాసుకున్నాడు. రెండోది సర్క్యులరులో లేదన్నాడు.